రెండో అంతస్తు ఎక్కాల్సింది బండా, బ్యాటరీయా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది విజయనగరం, వీటీ అగ్రహారం. కోట దగ్గర ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్లు చూస్తాను. రోజూ ఎత్తుబ్రిడ్జి దాటి వెళ్లి రావాలి. దారిలో కూరగాయలు, మందుల షాపు కలుపుకుంటే రోజుకు 10 కిలోమీటర్లు తిరుగుతాను. ఆటోలకు రోజూ 60 రూపాయలు అవుతోంది. స్కూటరు మా ఆయన డ్యూటీకి తీసుకెళ్తారు. నాకు లైసెన్సు లేదు కానీ సైకిలు చిన్నప్పటి నుంచి వచ్చు. మేం రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం, లిఫ్టు లేదు. కింద జాగా ఇంటివాళ్ల బళ్లకే సరిపోతుంది, మెట్ల కింద మాత్రం కొంచెం ఖాళీ ఉంది. మడతపెట్టే ఎలక్ట్రిక్ సైకిలైతే పైకి తెచ్చుకోవచ్చని ఆశ. రెండు చూశాను. ఆన్‌లైన్‌లో ఒకటి 23,999 రూపాయలు. బ్యాటరీ 36 వోల్టులు, 5.8 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు), ‘ఒక్క చార్జింగుతో 60 కిలోమీటర్లు’ అని రాశారు. మన ఊళ్లో షాపులో ఉన్నది 34,500. అది 36 వోల్టులు, 10.4 ఏహెచ్. ఏది కొనమంటారు? మా బాబుకు ఏడేళ్లు. సాయంత్రం ట్యూషన్ నుంచి వెనక కూర్చోబెట్టుకుని తేవచ్చా? ఎప్పుడైనా విశాఖపట్నం వెళ్తే రైల్లో పట్టుకెళ్లొచ్చా? ఇంత డబ్బు పెట్టి పొరపాటు చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీరు అన్ని వివరాలూ రాశారు కాబట్టి సూటిగానే చెప్పగలను. ఆ రెండింట్లో అయితే షాపులోదే చూడండి. అది కూడా కింద చెప్పినవి స్వయంగా చూసుకున్నాకే డబ్బు కట్టండి. బాబును మాత్రం దేని మీదా వెనక కూర్చోబెట్టవద్దు. ఇక బండిని రోజూ పైకి మోసుకెళ్లే ఆలోచన ఉంది చూశారా, అది ఇప్పుడే మానుకోండి. కొనాలా వద్దా అన్నది అసలు అక్కడే తేలుతుంది కాబట్టి ముందు దాని సంగతే మాట్లాడుకుందాం.

ఈ ధరలో దొరికే మడత ఎలక్ట్రిక్ సైకిళ్లు ఎక్కువగా 20 నుంచి 25 కిలోల మధ్య తూగుతాయి. కాగితం మీద అంకె చూస్తే పెద్ద బరువనిపించదు. మన ఇళ్లలో గ్యాస్ సిలిండరు ఖాళీగా ఉన్నప్పుడు 15, 16 కిలోలు ఉంటుంది. గ్యాస్ 14.2 కిలోలు కలిస్తే నిండు సిలిండరు దాదాపు 30 కిలోలు. అంటే మీ బండి సగం వాడేసిన సిలిండరంత బరువు. పైగా సిలిండరుకు పట్టుకోవడానికి రింగు ఉంటుంది, గుండ్రంగా ఒంటికి ఆనుకుంటుంది. మడతపెట్టిన సైకిలుకు ఒక పక్క పెడలు పొడుచుకొస్తుంది, ఇంకో పక్క గొలుసు చీరకు నూనె అంటిస్తుంది, ముందు చక్రం మెట్టుకు తగులుతుంది. భుజాన హ్యాండ్‌బ్యాగు, చేతిలో కూరల సంచీతో రెండు అంతస్తులు అలా ఎక్కాలి. తొలి వారం ఉత్సాహంతో ఎక్కుతారు. నెల తిరిగేసరికి నడుము నొప్పి మొదలవుతుంది, బండి మెట్ల కిందే ఉండిపోతుంది. మడత బండి కొన్న నా స్నేహితుల్లో చాలామందికి ఇదే జరిగింది.

అలాగని మడత మీకు పనికిరాదని కాదు. మీ మెట్ల కింద ఉన్న కొంచెం జాగాకు మామూలు సైకిలు పొడుగు సరిపోదు, మడతది సరిపోతుంది. మీకు మడత వల్ల లాభం అది. పైకి వెళ్లాల్సింది బ్యాటరీ ఒక్కటే. తాళంచెవితో విప్పి చేత్తో తీసుకెళ్లే బ్యాటరీ రెండు మూడు కిలోలు ఉంటుంది, కూరల సంచీతో పాటు వచ్చేస్తుంది. అందుకని షాపులో మొదటి మాటగా ఇదే అడగండి: బ్యాటరీ బయటికి వస్తుందా? కొన్ని చవక బళ్లలో దాన్ని ఫ్రేము గొట్టంలో పెట్టి స్క్రూలతో బిగించేస్తారు. ఆన్‌లైన్ బండి అలాంటిదైతే మీరు దాని ఊసే ఎత్తక్కర్లేదు. చార్జింగు కోసం మొత్తం బండిని రోజూ పైకి మోయాల్సి వస్తుంది.

మెట్ల కింద పెడతానని ఇంటివాళ్లకు ముందే ఒక మాట చెప్పండి. మందమైన గొలుసో, యూ ఆకారపు తాళమో కొని, ఫ్రేమునూ వెనక చక్రాన్నీ కలిపి గ్రిల్లుకు కట్టండి. వెనక చక్రంలోనే మోటారు ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేయకూడదు. మడతపెట్టి వదిలిన బండిని దొంగ కూడా సులువుగానే మోసుకుపోతాడు.

ఇక బ్యాటరీ. ఈ బళ్లలో ధర తగ్గించాలంటే కంపెనీ మొట్టమొదట కోత పెట్టేది ఇక్కడే. మీరు రాసిన రెండు అంకెలను గుణిస్తే ఆ బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో తెలుస్తుంది. 36 వోల్టులను 5.8తో గుణిస్తే 209 వాట్ అవర్లు. అదే 36ను 10.4తో గుణిస్తే 374. లోపల ఉండేవి రిమోట్లలో వేసే పెన్సిల్ సెల్లు కన్నా కొంచెం పెద్దగా ఉండే లిథియం సెల్లులు. ఒక్కోటి 3.6 వోల్టులు. పదింటిని వరసగా కలిపితే 36 వోల్టులు వస్తాయి. చిన్న బ్యాటరీలో అలాంటి వరసలు సాధారణంగా రెండు, అంటే 20 సెల్లులు. పెద్దదానిలో నాలుగు వరసలు, 40 సెల్లులు. రెండు బళ్ల మధ్య మీరు చూస్తున్న 10,500 రూపాయల తేడాలో పెద్ద భాగం ఈ 20 సెల్లులదే.

ఇప్పుడు దూరం లెక్క చూద్దాం. పెడలు తొక్కకుండా యాక్సిలరేటర్ మీదే వెళ్తే ఇలాంటి బండి కిలోమీటరుకు 15 వాట్ అవర్లు అటూ ఇటూగా తాగుతుంది. మీరు బాగా తొక్కుతూ మోటారు సాయం మాత్రమే తీసుకుంటే 8 దాకా తగ్గుతుంది. చిన్న బ్యాటరీతో యాక్సిలరేటర్ మీద అయితే 14 కిలోమీటర్లు, తొక్కితే 26. అరవై కిలోమీటర్లు రావాలంటే కిలోమీటరుకు మూడున్నర వాట్ అవర్లే ఖర్చవ్వాలి. అలా రావాలంటే దాదాపు మీరే తొక్కాలి, మోటారు ఊరికే తోడు రావాలి. చదును రోడ్డు, తక్కువ బరువున్న మనిషి, అతి తక్కువ సాయం పెట్టుకుని కొలిచిన అంకెను ఎత్తుబ్రిడ్జి ఎక్కి దిగే మీకు చూపించడం న్యాయం కాదు. ఏ బండికైనా వాళ్లు రాసిన దూరాన్ని పక్కన పెట్టి, వాట్ అవర్లను 12తో భాగించుకోండి. మన ఊరి వాడకానికి దగ్గరగా వచ్చే అంకె అది.

అలా చూస్తే మీ రోజు 10 కిలోమీటర్లకు 120 వాట్ అవర్లు కావాలి. చిన్న బ్యాటరీ కూడా ఇస్తుంది కదా అని మీకు అనిపించవచ్చు. కొత్తలో ఇస్తుంది. కానీ అది రోజూ సగానికి పైగా ఖాళీ అవుతుంది, పెద్దది మూడో వంతే అవుతుంది. ఈ రకం లిథియం సెల్లులు సుమారు 500 సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యాక కొత్తలో ఉన్న శక్తిలో అయిదో వంతు పోగొట్టుకుంటాయి. ఏడాదికి 300 రోజులు నడిపితే చిన్న బ్యాటరీకి అలా నిండి ఖాళీ అయ్యే చుట్లు 170కి పైగా, పెద్దదానికి వందలోపు. అంటే చిన్నది మూడేళ్లు నిండకుండానే ఆ స్థితికి వస్తుంది. పెద్దది వాడకం లెక్కన ఐదేళ్ల దాకా లాగాలి. వాడినా వాడకపోయినా వయసుతో తగ్గేది ఒకటుంటుంది కాబట్టి నాలుగేళ్లనుకుందాం. చవక బండికి మీరు బ్యాటరీ త్వరగా మార్చాల్సి వస్తుంది, అప్పుడు ఇప్పుడు మిగిలిన డబ్బు అటే పోతుంది. నేను షాపుదాన్ని చూడమన్నది ముఖ్యంగా ఇందుకే.

అందుకే బండి ధర కన్నా ముందు, ‘విడిగా కొత్త బ్యాటరీ ఎంతకు ఇస్తారు, ఎన్నాళ్లలో తెప్పిస్తారు’ అని అడగండి. వాళ్లు చెప్పిన ధరను బిల్లు వెనక రాయించుకోండి. దానికి వెంటనే జవాబు చెప్పలేని షాపు దగ్గర బండి కొనవద్దు. వారంటీ కూడా బ్యాటరీకి ఎంత, మోటారుకు ఎంత అని విడివిడిగా రాయించండి. ‘బండికి రెండేళ్లు’ అని గట్టిగా చెప్పి, బ్యాటరీకి ఆరు నెలలని చిన్న అక్షరాల్లో వేసేవాళ్లున్నారు.

ఎత్తుబ్రిడ్జి గురించి మీరు అడగలేదు కానీ అది మీ బండికి రోజూ పరీక్షే. మీరు, బండి, బ్యాగు కలిపి 88 కిలోలు అనుకుందాం. ముప్పై అడుగులకు ఒక అడుగు లేచే వాలు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రం దగ్గర దాదాపు 180 వాట్లు కావాలి. 250 వాట్ల మోటారు ఆ పని చేయగలదు. మీరు కాస్త తొక్కితే హాయిగా చేస్తుంది. చిక్కు ఎక్కడంటే, ట్రాఫిక్‌లో వాలు మధ్యలో ఆగి మళ్లీ బయల్దేరినప్పుడు. చక్రం తిరగని స్థితిలో యాక్సిలరేటర్ గుంజితే కరెంటంతా వేడిగా మారి మోటారుకూ సెల్లులకూ తగులుతుంది. చిన్న బ్యాటరీలో రెండు వరసలే ఉండటం వల్ల ఒక్కో సెల్లు మీద పెద్దదానితో పోలిస్తే రెట్టింపు భారం పడుతుంది. అందుకని వాలు మీద ఆగితే ముందు పెడలు తొక్కి బండిని కదిలించండి, ఆ తర్వాతే యాక్సిలరేటర్. ట్రయల్ ఇవ్వమని అడిగినప్పుడు షాపు ముందు వీధిలో ఒక చుట్టు కొట్టించి సరిపెట్టనివ్వద్దు. బ్రిడ్జి ఎక్కి దిగి వస్తానని చెప్పండి. బ్యాటరీ సగం ఉన్న బండి మీద వెళ్తే ఇంకా మంచిది. నిండా ఉన్నప్పుడు ఏ బండైనా చురుగ్గానే ఎక్కుతుంది.

ఇప్పుడు నాకు బాగా అనుభవమైన విషయం. మడత బండికి ప్రాణం రెండు కీళ్లలో ఉంటుంది. ఒకటి ఫ్రేము మధ్యలో, రెండోది హ్యాండిల్ గొట్టం అడుగున. మధ్యలోది అందరూ చూస్తారు. ప్రమాదం హ్యాండిల్ దగ్గరదాంతో. అది వదులైతే మీరు పట్టుకున్న హ్యాండిల్ మీ చేతుల్లోనే ముందుకు వాలిపోతుంది. నా మొదటి మడత బండికి అదే జరిగింది. కొన్న ఐదో నెలలో, అయ్యకోనేరు గట్టు మీద ఒక గుంతలో ముందు చక్రం పడగానే హ్యాండిల్ లాక్ తెరుచుకుంది. వేగం తక్కువే, అయినా మూడు వారాలు మణికట్టుకు కట్టుతో తిరిగాను. విప్పి చూస్తే లాక్ బిగువును సరిచేసే చిన్న నట్టు రోజువారీ కుదుపులకు వెనక్కి తిరిగిపోయింది. అమ్మినవాళ్లు దాని గురించి ఒక్క మాట చెప్పలేదు. బండితో వచ్చిన కాగితాల్లోనూ లేదు. అప్పటి నుంచి ఎవరు మడత బండి కొంటానన్నా ముందు ఈ కీలు దగ్గరే కూర్చోబెడతాను.

పరీక్ష ఇలా చేయండి. బండి మీద కూర్చోకుండా పక్కన నిలబడి ముందు బ్రేకు గట్టిగా పట్టుకోండి. హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. మీ పక్కనున్నవాళ్లను ఆ కీలు మీద వేలు పెట్టి చూడమనండి. వేలికి ‘టక్’ మని కదలిక తగిలితే ఆ బండి వద్దు. లాక్ మూసేటప్పుడు అరచేత్తో కాస్త బలం పెట్టి నొక్కాలి. వేలితో మూసుకుపోయే లాక్ వదులుగా ఉన్నట్టే. మూసిన తర్వాత దానంతట అది తెరుచుకోకుండా పక్కన ఇంకో చిన్న గొళ్లెం ఉండాలి. మధ్య కీలు దగ్గర వెల్డింగు చుట్టూ రంగు పగిలినట్టు సన్నని గీత కనిపిస్తే అది రంగు పగులే అని షాపువాళ్లు చెప్పినా నమ్మవద్దు. కొన్నాక కూడా నెలకోసారి, నెల మొదటి ఆదివారం అని గుర్తు పెట్టుకుని, రెండు కీళ్లూ ఇలాగే చూసుకోండి. ఆ నట్టు తిప్పే స్పేనరు సైజు షాపులోనే అడిగి ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి.

చక్రాల విషయానికి వస్తే, 16 అంగుళాలవి చూడటానికి ముద్దుగా ఉంటాయి, బండీ ఇంకా చిన్నగా మడుస్తుంది. కానీ చక్రం చిన్నదయ్యేకొద్దీ గుంత లోతుగా తగులుతుంది. పెద్ద చక్రం దాటేసే గుంతలో చిన్నది కూరుకుపోతుంది. వాన పడితే మన వీధుల్లో నీళ్ల కింద గుంత ఎక్కడుందో తెలియదు. కనీసం 20 అంగుళాలది తీసుకోండి, టైరు వెడల్పు రెండు అంగుళాలకు దగ్గరగా ఉండాలి. ఇంకో మంచి కారణం ఉంది. 20 అంగుళాల ట్యూబు పిల్లల సైకిళ్లకు కూడా వాడతారు కాబట్టి ఏ సైకిలు షాపులోనైనా దొరుకుతుంది. నాలుగు అంగుళాల లావు టైర్ల మడత బళ్లు కూడా వస్తున్నాయి. అవి గుంతలకు భలే ఉంటాయి కానీ బరువు ఎక్కువ, ట్యూబు కోసం ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి.

వెనక చక్రం పంక్చరైతే మామూలు పంక్చరు షాపు కుర్రాడు మోటారు వైరు చూసి భయపడతాడు. అసలు చక్రం విప్పక్కర్లేదు. టైరును ఒక పక్కన ఊడదీసి, ట్యూబును బయటికి లాగి, అక్కడే ప్యాచ్ వేయవచ్చని చెప్పండి. ట్యూబే మార్చాల్సి వస్తే మాత్రం చక్రం విప్పాలి. అప్పుడు వైరు జాయింటు ఎక్కడ ఊడుతుందో, ఇరుసు పక్కనున్న ప్రత్యేకమైన వాషరు ఏ వైపు పెట్టాలో తెలియాలి. ఆ వాషరు తప్పుగా పెడితే ఇరుసే తిరిగి వైరును తెంపేస్తుంది. షాపువాళ్లను మీ ముందు ఒకసారి చక్రం విప్పి బిగించమనండి, మీ ఫోనులో వీడియో తీసుకోండి. ఊళ్లో షాపు దగ్గర కొనడానికి ఇదీ ఒక కారణం. ఆన్‌లైన్‌లో కొన్న బండిని సరిచేయడానికి పక్క షాపువాళ్లు చాలాసార్లు ఒప్పుకోరు.

బ్రేకు పట్టగానే మోటారు ఆగిపోవాలి. దీన్ని తప్పకుండా చూడండి. చవక బళ్లలో మోటారుకు మీరు పెడలు ఎంత బలంగా తొక్కుతున్నారో తెలియదు, తిరుగుతోందా లేదా అన్నదే తెలుస్తుంది. అందుకే కాలు ఆపినా అర క్షణం పాటు తోస్తూనే ఉంటుంది. మూడు లాంతర్ల దగ్గరో, గంటస్తంభం దగ్గరో సాయంత్రం జనంలో ఆ అర క్షణం చాలు ఎవరి కాలికో తగలడానికి. వెనక చక్రం గాల్లోకి ఎత్తి పట్టించి, యాక్సిలరేటర్ తిప్పి, బ్రేకు మెల్లగా నొక్కి చూడండి. రెండు బ్రేకులకూ విడివిడిగా చూడండి. కొన్నింటికి ఒక దానికే ఆ స్విచ్ ఉంటుంది.

మీరు చీర కట్టుకుని వెళ్తారో, చుడీదారో రాయలేదు. మడత బళ్ల ఫ్రేము కిందికి వంగి ఉంటుంది కాబట్టి ఎక్కడానికి చీరైనా ఇబ్బంది లేదు. కానీ వీటికి చాలావరకు శారీ గార్డు ఉండదు, గొలుసు మీద కవరు కూడా సగమే ఉంటుంది. కొంగు, చున్నీ వెనక చక్రంలో చుట్టుకుంటే మోటారు ఆగదు, లాక్కుంటూనే పోతుంది. వెనక మడ్‌గార్డుకు రెండు వైపులా జాలీ బిగించమనండి. రెండు మూడు వందల పని. వాళ్లు కాదంటే వెల్డింగు షాపులో చేయించవచ్చు. చున్నీ మాత్రం ముడి వేసుకోకుండా బండి ఎక్కవద్దు.

లైసెన్సు గురించి బెంగ అక్కర్లేదు, బండి నిబంధనలోపు ఉంటే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 2(యు) ప్రకారం మోటారు శక్తి 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉండి, బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉన్న తేలికపాటి బ్యాటరీ బండిని మోటారు వాహనంగా లెక్కించరు. రిజిస్ట్రేషనూ లైసెన్సూ అడగరు. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తాయి. ఆ కాపీ షాపులో చూపించమనండి. కొందరు అమ్మకందార్లు చెవిలో చెప్పినట్టు, ‘ఒక వైరు తీసేస్తే 35, 40 స్పీడు వస్తుందమ్మా’ అంటారు. ఒప్పుకోవద్దు. ఆ క్షణం నుంచి అది లైసెన్సు, నంబరు, ఇన్సూరెన్సు లేని మోటారు వాహనం అవుతుంది. రేపు ఎవరికైనా తగిలితే మీరు నిలబడటానికి ఆధారం ఉండదు. పైగా ఆ బ్రేకులూ ఆ కీళ్లూ ఆ వేగం కోసం చేసినవి కావు. హెల్మెట్ మాత్రం చట్టం అడిగినా అడగకపోయినా పెట్టుకోండి. నేను పడినరోజు నా తలకు ఏమీ కాలేదంటే అది హెల్మెట్ వల్లే.

బాబు సంగతి. ఈ బళ్లకు వెనక ఉండే క్యారియరు పది నుంచి పాతిక కిలోల సామాను కోసం చేసింది, చాలావాటి మీద ఆ అంకె అచ్చు వేసి ఉంటుంది కూడా. ఏడేళ్ల పిల్లాడు ఆ హద్దు దగ్గరో, దాటో ఉంటాడు. బరువొక్కటే కాదు. పిల్లలు కదులుతారు, పక్కకు వంగుతారు. 20 అంగుళాల చక్రం మీద వెనక బరువు ఊగితే ముందు హ్యాండిల్ తేలిపోతుంది. కాళ్లు పెట్టుకునే చోటు లేదు, పాదం డిస్క్ బ్రేకు పళ్లెంలోకి వెళ్తే ఏమవుతుందో ఊహించడానికే నాకు కష్టంగా ఉంది. తల్లీ, ఆ ఒక్క ట్రిప్పుకు ఆటోనే పెట్టండి, లేదా స్కూటరు మీద మీ ఆయన్ను తెమ్మనండి. బాబును రోజూ తేవడమే మీకు ముఖ్యమైతే మడత బండి ఆలోచనే వదిలేసి, వేరే బండి చూడాలి. దానికి మెట్ల కింద జాగా సరిపోదు, అది మళ్లీ ఇంకో చిక్కు.

చార్జింగు పెట్టేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటించండి. ఇంట్లో ఒకే గుమ్మం ఉంటే ఆ గుమ్మం దగ్గర, మెట్ల దగ్గర చార్జింగు పెట్టవద్దు. ఏదైనా జరిగితే బయటపడే దారి అదే. మంచం కింద, పరుపు మీద వద్దు. గచ్చు నేల మీద, కర్టెన్లకు దూరంగా పెట్టండి. ఎండలో తిరిగి వచ్చిన బ్యాటరీని వెంటనే పెట్టకుండా, చేత్తో తాకితే చల్లగా అనిపించేదాకా ఆగండి. వేసవిలో మన దగ్గర ఇది అరగంట పైనే పట్టవచ్చు. పడుకునే ముందు పెట్టి తెల్లారి తీసే అలవాటు చేసుకోవద్దు. 10.4 ఏహెచ్ బ్యాటరీ రెండు ఆంపియర్ల చార్జరుతో సున్నా నుంచి ఐదారు గంటలు. మీకు రెండు రోజులకోసారి పెడితే చాలు, సాయంత్రం వంట చేస్తూ పెడితే పడుకునేలోపు అయిపోతుంది. చార్జరు పాడైతే అదే కంపెనీది కొనండి. పిన్ను సరిపోయిందని వేరే బండి చార్జరు గుచ్చకండి. పూర్తిగా నిండిన 36 వోల్టుల బ్యాటరీ 42 వోల్టులు ఉంటుంది, అంతకు మించి ఎక్కించే చార్జరు సెల్లులను ఉబ్బిస్తుంది.

వానలో కాస్త తడిస్తే భయం లేదు, నీళ్లలో ముంచవద్దు. మోటారు ఇరుసు చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి 20 అంగుళాల బండికి నేల నుంచి అది దాదాపు పది అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. రోడ్డు మీద నీళ్లు మోకాలి కిందివరకు వచ్చినా అది మునిగినట్టే. అప్పుడు దిగి, ఆపేసి, నడిపించుకుంటూ వెళ్లండి, లేకపోతే ఆ దారే వద్దు. తుపాను హెచ్చరిక వచ్చినరోజు బ్యాటరీ నింపి పైన పెట్టుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మనకు కరెంటు ఎన్నాళ్లకు వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది.

రైలు గురించి ఒక్క మాట. బోగీలో వెంట తీసుకెళ్లే పెట్టెకు రైల్వే పెట్టిన కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు. ఈ బళ్లు ఎంత మడిచినా మామూలుగా 40 సెంటీమీటర్ల మందానికి అటూ ఇటూగా ఉంటాయి. అంతకన్నా పెద్దవి లగేజీ వ్యాన్‌లో బుక్ చేయాలి. అరవై కిలోమీటర్ల ప్రయాణానికి ఆ బుకింగూ, దింపుకోవడమూ పెట్టుకోవడం దండగ. ఉదయం ప్యాసింజర్లో నిలబడే జాగా ఉండదు, అందులో ఈ బండితో ఎక్కితే తోటివాళ్లకు ఇబ్బంది. విశాఖలో ఆటో ఎక్కేయండి.

డబ్బు లెక్క మీకు నాకన్నా బాగా వచ్చు, అయినా రాస్తున్నాను. నెలకు 25 రోజులు, రోజుకు 60 రూపాయలంటే 1,500. కరెంటు యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా, చార్జరులో పోయేది కలుపుకుని మీ పది కిలోమీటర్లకు రోజుకు రూపాయి. బండి 34,500, హెల్మెట్, తాళం, జాలీ కలిపి ఇంకో మూడు వేలు అనుకుంటే 37,500. అంటే 25 నెలల్లో ఆటో డబ్బుతో తీరుతుంది. కానీ మిగిలిందంతా మిగులు అనుకోవద్దు. మొదటి నెల నుంచే 300 రూపాయలు విడిగా దాచండి. నాలుగేళ్లకు 14,400 అవుతుంది, బ్యాటరీ మార్చే రోజు మీ ఆయన్ను అడగక్కర్లేకుండా ఉంటుంది. వాన రోజులు, ఒంట్లో బాగోలేని రోజులు, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం లాంటి రోజులు ఎలాగూ ఆటోయో, నడకో తప్పదు. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

వచ్చే ఆదివారం ఉదయం, జనం రాకముందు షాపుకు వెళ్లండి. మీ ఆయన్ను కూడా తీసుకెళ్లండి, కీలు మీద వేలు పెట్టడానికి రెండో మనిషి కావాలి. రోజూ ఆఫీసుకు కట్టుకునే బట్టల్లోనే వెళ్లండి. బ్యాటరీ మీద అంటించిన స్టిక్కరు ఫొటో తీసుకోండి. దాని మీద నిజంగా 10.4 ఏహెచ్ అని ఉందో, బోర్డు మీద ఒకటి రాసి లోపల 7.8 పెట్టారో చూడండి. ఆ స్టిక్కరు ఫొటో, హ్యాండిల్ కీలు ఫొటో నాకు పంపితే చూసి, అడ్వాన్సు ఇవ్వవచ్చో లేదో అదే రోజు చెబుతాను.